పేర్లు చెరిగిన పంతొమ్మిది కాళ్ళు

"ఎవరు చేశారో చెప్పేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు" అంది పెద్దకోడలు.

అనడమే కాదు, విసవిసా వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ కట్టేసి వచ్చింది. సగం మరిగిన టీ గిన్నెలో అలాగే ఆగిపోయింది. హాల్లో కూర్చున్న అత్తగారు చేతిలోని ఖాళీ కప్పులోకీ, కోడలి మొహంలోకీ మార్చి మార్చి చూసింది.

"పొద్దున్నే మొదలెట్టావా తల్లీ?"

"మొదలెట్టింది నేను కాదు. నా గదిలో దూరి, నా అచ్చుల మీద చెయ్యి వేసినవాళ్ళు."

ఆ అచ్చుల్లో ఒకటి తెచ్చి హాలు మధ్య బల్ల మీద పెట్టింది. తెల్లటి ప్లాస్టర్ కాలు. మోకాలి కింద జానెడు దూరం వచ్చి ఆగిపోయిన పసి కాలు. పై చివర నుంచి ఇనుప కడ్డీ ఒకటి పొడుచుకొచ్చి ఉంది, పని చేసేటప్పుడు బిగించి పట్టుకోవడానికి. ఆ కడ్డీ పక్కన నిన్న పొద్దుటి దాకా ఊదారంగు పెన్సిలుతో రాసిన పేరొకటి ఉండేది. ఇప్పుడు లేదు.

ఈ ఒక్కదానికే కాదు. వెనక గదిలో అరల మీద వరసగా నిలబెట్టిన పంతొమ్మిదింటిలో దేనికీ లేదు.

ఇవాళ బుధవారం. ఆదివారం విమానం. పెద్దాసుపత్రిలో కృత్రిమ కాళ్ళు చేసే విభాగంలో ఆమె ఉద్యోగం. సెలవు పెట్టుకుని, ఎవరూ పిలిచి బొట్టు పెట్టకుండానే, డాక్టర్ల బృందంతో సముద్రం దాటి వెళ్ళి అక్కడి పిల్లలకి కాళ్ళు అమర్చి రావడం ఆమె పిచ్చి. పిచ్చి అన్నమాట అత్తగారిది. మూడు నెలల కింద వెళ్ళి పంతొమ్మిది మంది పిల్లల అచ్చులు తీసుకొచ్చింది. ఆ పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఇక్కడేమో ఎవరి కాలు ఎవరిదో తెలియకుండా పోయింది.

"నేను ముట్టుకోలేదు" అంది అత్తగారు. "వాటిని చూస్తేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పంతొమ్మిది తెగిన కాళ్ళు నట్టింట్లో పెట్టుకుని ఎవరైనా కాపురం చేస్తారా? రోజూ ఆ గది ముందు నుంచి పోతూ లెక్కపెట్టుకోవడం, ఎప్పుడు వదుల్తాయా అని ఎదురుచూడటం. ఇదీ నా బతుకు. పైగా కడుపుతో ఉన్న పిల్ల తిరుగుతున్న ఇల్లాయె."

"తెగిన కాళ్ళు కావత్తయ్యా. కట్టబోయే కాళ్ళు."

"ఏవైతేనేం, చూడ్డానికి రెండూ ఒకటే."

కడుపుతో ఉన్న పిల్ల, అంటే చిన్నకోడలు, కిటికీ పక్కన కూర్చుని ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఐదో నెల. ఇంత గొడవ జరుగుతున్నా తలెత్తలేదు. తోటికోడళ్ళిద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కాపురానికొచ్చిన రోజే ఆ గది తలుపు తీసి, అప్పటి అచ్చుల్ని చూసి ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది చిన్నది. పెద్దది పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ కేకని పెద్దదీ మర్చిపోలేదు, ఆ నవ్వుని చిన్నదీ మర్చిపోలేదు. రెండేళ్ళయింది. ఉప్పు ఎక్కడుంది, మోటారు కట్టేశావా, ఇంతకు మించి మాటల్లేవు.

"తుడిచేటప్పుడు చెరిగిపోయి ఉండొచ్చు" అన్నాడు పెద్దకోడలి భర్త నెమ్మదిగా.

ఆయన డ్రైవింగ్ నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర ఉన్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి రోజంతా గడిపే మనిషి. ఇంటికొచ్చినా ఆ పాదం అక్కణ్ణించి తియ్యడు. తల్లికీ పెళ్ళానికీ మాటా మాటా పెరుగుతోందంటే చాలు, ఇద్దర్నీ ఒకేసారి ఆపబోయి ఇద్దరి చేతా తిట్లు తింటాడు.

"పంతొమ్మిదీ చెరిగిపోయాయా? ఒక్కటి కూడా మిగలకుండా?" పెద్దకోడలు అచ్చుని ఆయన మొహం ముందుకి తిప్పింది. "చెరగలేదు, గీకారు. ఇటు చూడండి. ముందు ప్లాస్టరు నునుపు చేసే తీగ జల్లెడతో గీకి, తరవాత తడి గుడ్డతో నున్నగా తుడిచారు. నేను చేసినట్టే. పేరున్న చోట తప్ప ఇంకెక్కడా గోరంత గీత పడలేదు."

చెబుతుంటే ఆమెకే చిత్రంగా అనిపించింది. కసి ఉన్నవాళ్ళయితే నేలకేసి కొడతారు. రెండు నిమిషాల పని. ఇది అలా లేదు. పక్కన కూర్చుని, ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని చేసినట్టుంది. అర పూటైనా పట్టి ఉంటుంది.

"ఒరేయ్, దాన్ని అవతలికి తీసుకుపొమ్మను" అంది అత్తగారు మొహం తిప్పుకుని. "కూతుర్ని హాస్టల్లో పడేసి, ఎవరి పిల్లల కోసమో దేశాలు పట్టుకు తిరుగుతోంది. అయినా నాకు తెలీక అడుగుతాను, అలాంటి బిడ్డల్ని కని ఆ తల్లులు ఏం సుఖపడ్డారు గనక? ముందే తెలిసుంటే ఏదో ఒక దారి చూసుకునేవాళ్ళు. పాపం, తెలీక కన్నారు."

చిన్నకోడలు మడత పెట్టిన తువ్వాలుని విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

పెద్దకోడలి చూపు ఆ చేతుల మీద పడింది. తప్పు చేసిన చేతులు కుదురుగా ఉండవు అనుకుంది.

"నువ్వేమైనా చూశావా?" అని అడిగింది సూటిగా. రెండేళ్ళలో ఉప్పూ మోటారూ కాక వేసిన మొదటి ప్రశ్న అదే.

చిన్నకోడలు అప్పుడు తలెత్తింది.

"పేర్లు పోతే మళ్ళీ పెట్టుకోవచ్చుగా అక్కా? మీరు పెట్టిన పేర్లేగా. వాళ్ళమ్మలు పెట్టినవి కావుగా."

మాట చల్లగా వచ్చింది గానీ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. పెద్దకోడలు బల్ల మీది అచ్చు తీసుకుని గదిలోకి పోయి తలుపు ధడాలున వేసుకుంది. పొయ్యి వెలిగించమని ఎవరూ అనలేదు. అత్తగారే లేచి వెలిగించుకుంది.

"నంబర్లు రాయమన్నానా లేదా?"

ఫోన్లో సర్జన్ గొంతు. బృందానికి పెద్ద ఆయనే. పదిహేనేళ్ళుగా పసిపిల్లల్ని కోసి కుడుతున్న మనిషి, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం మత్తు ఇవ్వడు.

"అన్నారు."

"రాశావా?"

"లేదండీ."

"మరేం రాశావు?"

పెద్దకోడలు గోడ వైపు తిరిగింది. "ముద్దుపేర్లు."

అవతల పెన్ను బల్ల మీద పడేసిన చప్పుడు. ఆ చప్పుడు ఆమె చెవిలో చీవాట్ల కన్నా ఎక్కువగా మోగింది.

అక్కడి పిల్లల అసలు పేర్లు ఆమెకి నోరు తిరగవు. తిరిగినా ఎలా రాయాలో తెలీదు. నంబర్లంటే మొహాలు గుర్తుండవు. ఏడో నంబరు అంటే ఎవరు? అదే 'ఎక్కిళ్ళు' అంటే, కాలికి తడి పట్టీ చుడుతున్నంతసేపూ ఎక్కుతూనే ఉన్న బక్కపిల్లాడు కళ్ళ ముందుకొచ్చి నిలబడతాడు. అందుకని అచ్చుల మీద తనకి తోచిన పేర్లు రాసుకుంది. కోపిష్టి, మాటలపుట్ట, దొంగనవ్వు, మూడు పిలకలు. ఏ పేరు ఏ నంబరుదో, ఎవరి కాలు ఎంత పొడుగు కావాలో, ఎంత పాదం పడుతుందో అన్నీ పుస్తకంలో ఉన్నాయి. పుస్తకం భద్రంగా ఉంది. అచ్చుల మీది పేర్లే పోయాయి.

"అక్కడికెళ్ళి ఒక్కొక్కళ్ళకీ తొడిగి చూసుకుంటే సరిపోదా?" అన్నాడు సర్జన్, సరిపోదని తెలిసే.

"సరిపోదండీ. అక్కడ కరెంటు లేదు, ఓవెను లేదు. ప్లాస్టిక్ కాచి, అచ్చు మీద వంచి, కింద పొడుగు కట్టి, పాదం బిగించి, పూర్తి కాలుగానే ఇక్కణ్ణించి తీసుకెళ్ళాలి. ఒకరి అచ్చుకి ఇంకొకరి పొడుగు కట్టానంటే ఇద్దరికీ పనికిరాదు."

"నాకు పాఠం చెప్పకు. ఆ పిల్లల్లో సగం మంది తల్లుల వీపుల మీద రెండు రోజులు ప్రయాణం చేసి వస్తారు. వచ్చాక, మీ కాలు కలిసిపోయిందమ్మా అని నేను చెప్పలేను. అయిదింటికి చేస్తాను. ఎన్ని సిద్ధమవుతాయో ఒక్క ముక్కలో చెప్పు. మిగతావాళ్ళకి రావద్దని కబురు పెట్టాలి."

"అయిదింటికా?"

"ముద్దుపేర్లు పెట్టడానికి తీరిక దొరికిందిగా" అని ఫోన్ పెట్టేశాడు.

ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఏడుపు కాదు, ఒళ్ళు మంట. ఆయన అన్నదాంట్లో ఒక్క మాటైనా అబద్ధం లేదు. మంట అందుకే.

మధ్యాహ్నం మూడయ్యేసరికి గది నేలంతా కాళ్ళు పరుచుకున్నాయి.

టేపు పట్టుకుని ఒక్కో అచ్చు చుట్టుకొలతా తీసి, పుస్తకంలోని అంకెలతో సరిచూస్తోంది పెద్దకోడలు. పదకొండు దొరికాయి. పెద్ద పిల్లలవి, కుడీ ఎడమా తేడా ఉన్నవి, వంకర ఉన్నవి తేలిగ్గానే తేలిపోయాయి. మిగిలిన ఎనిమిదీ అయిదారేళ్ళ పిల్లలవి. అన్నీ ఎడమ కాళ్ళే, అన్నీ ఇంచుమించు ఒకే లావు. పైగా అచ్చు పోశాక తనే కొన్నిచోట్ల చెక్కింది, కొన్నిచోట్ల పూసింది. ఎముక మీద ఒరుసుకోకూడదని. ఇప్పుడు పుస్తకంలో అంకె ఒకటి, చేతిలో అచ్చు ఒకటి. ఆ తేడా అంతా కలిపితే చిటికెన వేలి గోరంత. ఆ గోరంత తేడా వల్లే పసి చర్మం పుండవుతుంది.

భర్త గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో అన్నం పళ్ళెం.

"తిను."

"ఆకలి లేదు."

పళ్ళెం బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా అక్కడే తచ్చాడాడు. "ఎన్ని దొరికాయి?"

"పదకొండు."

"అయితే పదకొండే తీసుకెళ్ళు. లేకపోతే ఈసారికి మానెయ్. నువ్వు లేకపోతే లోకం ఏం ఆగిపోదు."

ఆమె టేపు కింద పెట్టింది. "ఒకటడుగుతాను, నిజం చెప్పండి. ఈ పేర్లు పోయినందుకు మీకు లోపల సంతోషంగా లేదూ?"

ఎప్పటిలా దాటేస్తాడనుకుంది. ఏదో పనున్నట్టు గడియారం చూసుకుంటాడనుకుంది. ఆయన అలా చెయ్యలేదు.

"ఉంది" అన్నాడు.

పదహారేళ్ళ కాపురంలో ఆయన పాదం బ్రేకు మీంచి లేవడం ఆమె చూడటం అదే మొదలు.

"మీరు చేశారా?"

"నాకంత ధైర్యమేదీ? కానీ సంతోషంగా ఉంది. నువ్వెళ్ళిన ప్రతిసారీ మూడు వారాలు ఈ ఇంట్లో అమ్మ చెప్పిందే వేదం. పోయినసారి నువ్వు అటు వెళ్ళగానే మన అమ్మాయిని హాస్టల్లో వెయ్యమంది. తలూపాను. నువ్వొచ్చేసరికి అది పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. నువ్వుంటే పోట్లాడేదానివి. నాకు చేతకాదు. తమ్ముడికీ చేతకాదు. ఆ సంగతి నీకూ తెలుసు. తెలిసే వెళ్తావు."

"అంటే మీకు నోరు లేదు కాబట్టి నేను ఇంటికి కాపలా ఉండాలా?"

"అలా అనలేదు."

"ఇంకెలా అన్నారు?"

ఆయన కిందున్న ఎనిమిది చిన్న కాళ్ళ మధ్య నుంచి జాగ్రత్తగా అడుగు వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఒక్కదాన్ని కూడా తన్నుకోలేదు. అంత కోపంలోనూ ఆమె అది గమనించింది. గమనించి ఇంకా చిరాకు పడింది.

కూతురి పెట్టె సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మళ్ళీ టేపు అందుకుంది.

నాలుగూ ఇరవై అయింది. తలుపు చప్పుడైంది. మళ్ళీ ఆయనే అనుకుని తల తిప్పకుండా, "పళ్ళెం తీసుకెళ్ళండి" అంది.

గడియ పడిన చప్పుడు వినిపించింది.

తిరిగి చూస్తే చిన్నకోడలు. లోపల గడియ పెట్టి, వీపు తలుపుకి ఆనించి నిలబడి ఉంది. ఆ మొదటి రోజు కేక తరవాత ఆమె ఈ గదిలో అడుగు పెట్టగా పెద్దకోడలు చూడలేదు.

"ఏం కావాలి?"

చిన్నకోడలు ముందుకొచ్చి, పొట్టకి ఒక చెయ్యి ఆసరాగా పెట్టుకుని నెమ్మదిగా నేల మీద చతికిలబడింది. ఎనిమిదింటిలో ఒక అచ్చుని వేలితో చూపించింది.

"ఇది ఎక్కిళ్ళు."

పెద్దకోడలి చేతిలో టేపు చుట్ట జారి నేల మీద దొర్లింది.

"నువ్వా!"

"నేనే."

"నువ్వేనా? పొద్దున్న నా మొహం చూస్తూ, వాళ్ళమ్మలు పెట్టిన పేర్లా అని..." మాట పూర్తి కాలేదు. లేచి నిలబడింది. "కడుపుతో ఉన్నావు కాబట్టి బతికిపోయావు. ఏం చేశానే నీకు? పసిపిల్లలు ఏం చేశారే? నా మీద కోపముంటే నా చీరలు తగలెట్టు, నా అన్నంలో మన్ను పొయ్యి. వాళ్ళ కాళ్ళ జోలికెందుకు వచ్చావు?"

"అరవకండి. అత్తయ్య వింటారు."

"విననీ! ఊరంతా విననీ!"

"అత్తయ్య వింటే నా బిడ్డ పోతుందక్కా."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. అన్నం ఉడికిందా అన్నట్టు అంది.

చిన్నకోడలు జాకెట్లోంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, పనిబల్ల అంచున పెట్టింది. స్కాన్ రిపోర్టు. పెద్దకోడలు నిలబడే చదివింది. ఇలాంటి కాగితాలు ఆమె వందలు చదివి ఉంటుంది. కానీ అవి పుట్టాక వచ్చినవి, నడక కోసం వచ్చినవి. ఇది అలాంటిది కాదు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి ఏర్పడలేదు. మిగతా అంతా మామూలే. గుండె మామూలే, వెన్ను మామూలే.

"ఎప్పుడు తీశారు?"

"పోయిన గురువారం."

"మా మరిదికి చెప్పావా?"

"చెప్తే ఆయన తిన్నగా వాళ్ళమ్మకి చెప్తారు. ఈ ఇంటి మగాళ్ళ సంగతి మీకు తెలీదా?"

తెలుసు. ఇందాకే ఒకాయన తన నోటితోనే ఒప్పుకుని వెళ్ళాడు.

"ఆ రోజు నుంచీ మీరు డ్యూటీకి వెళ్ళగానే రోజూ ఇక్కడికొచ్చి కూర్చునేదాన్ని" అంది చిన్నకోడలు. "వీటిల్లో ఎవరిది నా బిడ్డ కాలులా ఉంటుందా అని వెతుక్కున్నాను. పేర్లన్నీ వచ్చేశాయి. కళ్ళు మూసుకున్నా కనిపించడం మొదలెట్టారు. కోపిష్టి, మాటలపుట్ట, అందరూ. నిన్నిక తట్టుకోలేకపోయాను. పేర్లు తీసేస్తే ఉత్త ప్లాస్టరు అయిపోతాయేమో అనుకున్నాను. మీరు గీకడం తలుపు సందులోంచి చాలాసార్లు చూశాను. అలాగే గీకాను."

"అయిపోయాయా?"

"లేదు."

అవతల హాల్లో అత్తగారు ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇవి చూడబట్టేనా?" అని అడిగింది చిన్నకోడలు. "అత్తయ్య అంటూనే ఉన్నారు కదా, చూడకూడదని."

"చూడటం వల్లయితే నా కూతురికి ముందు రావాలి. దాన్ని కడుపులో పెట్టుకుని తొమ్మిది నెలలూ ఈ పనే చేశాను. దానికి రెండు కాళ్ళూ ఉన్నాయి, ఆ రెంటితోనూ నన్ను తన్నేది. బుర్ర లేని మాటలు మాట్లాడకు."

తిట్టినా చిన్నకోడలి భుజాలు కాస్త కిందికి దిగాయి.

"నడుస్తారా ఇలాంటివాళ్ళు?"

"నడవడమేంటి, ఒక్కచోట కూర్చోరు. పదో నెలలో గోడ పట్టుకుని లేవబోతారు కదా, అప్పుడు మొదటి కాలు కట్టాలి. అక్కణ్ణించి పెరిగినప్పుడల్లా కొత్తది." చెబుతూ చెబుతూ ఆగింది. తనెందుకు ఇంత మెత్తగా చెబుతోంది? "సరే. మిగతా పేర్లు చెప్పు. టైము లేదు."

చిన్నకోడలు ఒక్కొక్కటే చూపించింది. దొంగనవ్వు. మూడు పిలకలు. నిద్రమొహం. పళ్ళికిలి. ఈల. గంతులమ్మాయి. పెద్దకోడలు గబగబా పుస్తకం చూసి నంబర్లు వేసుకుంటూ పోయింది. ప్రతిదీ అంకెలతో అతికినట్టు సరిపోయింది. ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదోదాన్ని చిన్నకోడలు ఒళ్ళోకి తీసుకుంది.

"ఇది చెప్పను. మీరు ఆదివారం వెళ్ళనని మాటిస్తే చెప్తాను."

పెద్దకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఏడు చెప్పాక ఎనిమిదోది ఎవరిదో నాకు తెలీదనుకున్నావా? మిగిలింది కొత్తచెప్పు ఒక్కడేగా."

చిన్నకోడలు తల వంచుకుంది. "తెలుసు. నా దగ్గర దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు మరి."

కొత్తచెప్పు. పుట్టుకతోనే ఎడమ కాలు మోకాలి కింద లేనివాడు. వాళ్ళమ్మ ఎప్పుడు చెప్పులు కొన్నా జతే కొంటుంది. కుడిది అరిగిపోతుంది, ఎడమది కొత్తగానే ఉంటుంది. మూడు నెలల కింద వాడు ఆ కొత్త చెప్పుని చేత్తో పట్టుకునే వచ్చాడు, ఆ రోజే కాలు ఇచ్చేస్తారనుకుని. ఇవాళ కాదు, మూడు నెలలాగాలని చెప్తే చెప్పుని మళ్ళీ చొక్కాలో దాచుకున్నాడు. ఆ సంగతి భోజనాల దగ్గర తనే చెప్పింది. అత్తగారు వినలేదు, భర్త సగం విన్నాడు. తల వంచుకుని తింటున్న చిన్నకోడలు మొత్తం విందన్నమాట.

"నేను కూడా కొన్నానక్కా" అంది చిన్నకోడలు. "స్కానుకి ముందు రోజు. ఉన్నితో అల్లినవి. జత."

పెద్దకోడలు కిటికీ వైపు తిరిగింది.

"డాక్టరు మంగళవారం మళ్ళీ రమ్మంది. ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకురమ్మంది. ఆ రోజు అత్తయ్యకి తెలుస్తుంది. ఏదో ఒక దారి చూసుకోవాలని పొద్దున్నే అన్నారుగా, విన్నారుగా. నాకు ఆ దారి వద్దు. కానీ వద్దని నిలబడి చెప్పడం నాకు రాదు. మీరు మూడు వారాలు ఉండరు. వచ్చేసరికి అంతా అయిపోతుంది."

అంతా అయిపోతుంది. పోయినసారి వచ్చేసరికి హాస్టలు అయిపోయింది.

"రెండేళ్ళు నన్ను పురుగుని చూసినట్టు చూశావు" అంది పెద్దకోడలు, ఇటు తిరక్కుండానే. "ఇవాళ నేనే దొరికానా?"

"మీరంటే ఇష్టమై కాదు. ఇప్పుడూ లేదు. కాళ్ళ గురించి పోట్లాడటం ఈ ఇంట్లో మీ ఒక్కరికే వచ్చు."

పెద్దకోడలు ఇటు తిరిగింది. తను వెళ్ళకపోతే కాళ్ళు వెళ్తాయి, కానీ కట్టే చెయ్యి వెళ్ళదు. పట్టీ ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదులు చెయ్యాలో సర్జన్‌కి తెలీదు. తల్లులు పిల్లల్ని వీపుల మీద మోసుకొస్తారు. వెళ్తే, మంగళవారం ఈ పిల్ల ఒక్కతీ అత్తగారి ముందు కూర్చుని తువ్వాలు మడత పెడుతూ ఉంటుంది. విప్పుతూ ఉంటుంది.

తలుపు మీద దబదబా బాదిన చప్పుడు.

"లోపల గడియెందుకే?" అత్తగారి గొంతు. "నీ డాక్టరు ఫోను. హాల్లో వదిలేసి పోతే నేను పనిమనిషిలా మోసుకురావాలా? అయిదయిందంటున్నాడు."

చిన్నకోడలు లేవబోయి తూలింది. పెద్దకోడలు ఆమె మోచెయ్యి పట్టుకుని లేపింది, అచ్చు కింద పెట్టించింది, గడియ తీసింది. రిపోర్టు కాగితం పనిబల్ల అంచునే ఉండిపోయింది.

అత్తగారు ఫోను చేతిలో పెట్టి వెళ్ళిపోలేదు. ఒకరి మొహం ఒకరు చూడని కోడళ్ళిద్దరూ ఒకే గదిలో ఉండటం ఆమెకి వింతగా ఉంది. గుమ్మం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, అలవాటు కొద్దీ కింద ఉన్న కాళ్ళని కళ్ళతోనే లెక్కపెట్టింది.

"చెప్పు" అన్నాడు సర్జన్. "పేర్లు తేలాయా?"

"తేలాయండీ. అన్నీ."

"మంచిది. ఒక్క ముక్కలో చెప్పు, రాసుకుంటున్నాను. మొత్తం ఎన్ని కాళ్ళు?"

పెద్దకోడలి కళ్ళు నేల మీది అచ్చుల మీంచి, చిన్నకోడలి చేతి మీదికి, ఆ చెయ్యి కాపాడుకుంటున్న పొట్ట మీదికి వెళ్ళాయి. ఆలోచించే లోపే నోరు పలికేసింది.

"ఇరవై."

"ఇరవయ్యా? పంతొమ్మిదేగా మనవాళ్ళు?" అంటున్నాడు ఫోన్లో సర్జన్. ఆమెకి వినిపించడం లేదు.

"పంతొమ్మిదే" అంది అత్తగారు గుమ్మంలోంచి లోపలికి అడుగు వేస్తూ. "రోజూ లెక్కపెట్టి చస్తున్నాను, నాకు తెలీదూ? ఇరవయ్యోది ఎవరిది?"

అడుగుతూనే ఆమె పనిబల్ల వైపు చూసింది.